క్రూయిజ్ కంపెనీ దగ్గరే ఫ్లైట్ టికెట్లు తీసుకోవాలా, మనమే చూసుకోవాలా? (గుంటూరు నుంచి బార్సిలోనాకి)

బ్రాడీపేట_నాలుగోలైను

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా వచ్చే సెప్టెంబరులో మొదటిసారి ఓడ ఎక్కబోతున్నాం. డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి బుక్ చేశాడు. బార్సిలోనాలో ఎక్కి, ఫ్రాన్సు, ఇటలీ రేవులు నాలుగు చూసి, ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ బార్సిలోనాలోనే దిగుతాం. ఓడ ఆదివారం సాయంత్రం 5 గంటలకు బయల్దేరుతుంది.

చిక్కంతా విమానం టికెట్ల దగ్గర వచ్చింది. అబ్బాయి వాళ్ళు నలుగురూ డల్లాస్ నుంచి ఫ్లైట్లు కూడా క్రూయిజ్ కంపెనీ ద్వారానే తీసుకున్నారు. "లేటైతే బాధ్యత వాళ్ళదే నాన్నా, మీకూ అలాగే చేసేస్తాను" అంటాడు. హైదరాబాద్ నుంచి మాకు వాళ్ళు చెప్పిన రేటు మనిషికి 92 వేలు. నేను రెండు రాత్రులు కూర్చుని వెతికితే 71 వేలకు దొరుకుతోంది. ఇద్దరికీ కలిపి 42 వేలు తేడా. బ్యాంకులో 34 ఏళ్ళు చేసినవాణ్ణి, 42 వేలు ఊరికే వదిలెయ్యడానికి చెయ్యి రావట్లేదు. పైగా వాళ్ళిచ్చే విమానం సరిగ్గా ఆదివారం మధ్యాహ్నం 12 దాటాక బార్సిలోనాలో దించుతుందట. ఎందుకో ఆ టైమ్ చూస్తేనే కడుపులో తిప్పుతోంది.

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఆదివారం వాడు ఫోన్ చేసేసరికి నా చేతిలో నాలుగు పాయింట్లు ఉండాలి.

కృష్ణలంక_కెప్టెన్

ఆలోచించకండి, కంపెనీ దగ్గరే తీసుకోండి. నా అనుభవం చెప్తాను. 2023లో మా అమ్మాయి దగ్గర లండన్‌లో రెండు నెలలున్నాం. అల్లుడు మాకు రోమ్ నుంచి క్రూయిజ్ చేశాడు, లండన్–రోమ్ ఫ్లైట్‌తో సహా ఒకే బుకింగ్. పొద్దున 7 గంటల విమానం సాయంత్రం 4కి కదిలింది. రోమ్‌లో దిగేసరికి రాత్రయింది, ఓడ వెళ్ళిపోయింది. పేరుకి రోమ్ గానీ రేవు ఉండేది సివిటవెక్కియాలో, రోమ్ నుంచి 80 కిలోమీటర్లు. మా ఆవిడ ఎయిర్‌పోర్టులోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అల్లుడు ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తే, వాళ్ళ దగ్గర అప్పటికే మా పేర్లున్నాయి! ఆ రాత్రికి హోటలు, మర్నాడు నేపుల్స్‌కి రైలు టికెట్లు, అక్కడ ఓడ ఎక్కించే కాయితాలు అన్నీ వాళ్ళే చూశారు. ఒక రాత్రి బఫే పోయింది, అంతే. మనంతట మనం కొనుక్కుని ఉంటే ఆ రాత్రి ఆ ఊళ్ళో ఎవర్ని పట్టుకునేవాళ్ళం? 42 వేలు మనశ్శాంతి ఖరీదు అనుకోండి.

పటమట_పిల్లోడు

అంకుల్, కెప్టెన్ గారు చెప్పింది నిజమే గానీ అది లండన్ నుంచి. మనకి అంత వీజీగా ఉండదు. మా ఫ్రెండు క్రూయిజ్ కంపెనీ అమెరికా సైట్‌లో చూస్తే హైదరాబాదే లిస్టులో లేదు. ఫోన్ చేసి అడిగితే రెండు స్టాపులు, 29 గంటల ప్రయాణం, భార్యాభర్తలకి చెరో వరసలో సీటు.

నేను నాలుగుసార్లు సింగపూర్ క్రూయిజ్‌లకి వెళ్ళా, అన్నీ సొంతంగానే. ఒక్కటే రూలు: ఓడ కన్నా కనీసం ఒక రోజు ముందు ఆ ఊళ్ళో ఉండాలి. ఒకసారి జనవరిలో గన్నవరం నుంచి పొద్దున్నే హైదరాబాద్ ఫ్లైట్, అక్కడి నుంచి వేరే టికెట్‌తో సింగపూర్. గన్నవరంలో పొగమంచు. మమ్మల్ని ఎక్కించుకోవాల్సిన విమానం రన్‌వే కనిపించక, దిగకుండానే పైన నాలుగు చక్కర్లు కొట్టి వెనక్కి పోయింది. హైదరాబాద్‌లో రెండో ఫ్లైట్ నన్ను చూడకుండానే ఎగిరిపోయింది. ఒక రోజు చేతిలో ఉంది కాబట్టి బతికిపోయా. కొత్త టికెట్‌కి 23 వేలు వదిలింది, ఓడ మాత్రం దొరికింది.

ఇంకోటి. మన దేశంలో తిరిగే ఫ్లైట్‌లో లగేజీ 15 కిలోలే ఇస్తారు. సింగపూర్ టికెట్‌లో 25 కిలోలు ఉంది కదా అని రెండు సూట్‌కేసులు నింపుకుని వెళ్తే గన్నవరం కౌంటర్‌లో ఎక్స్‌ట్రా కట్టమన్నారు. టికెట్లు వేరైతే రూల్సు కూడా వేరే.

టికెట్_బాబాయ్

30 ఏళ్ళు గవర్నర్‌పేటలో టికెటింగ్ కౌంటర్ మీద కూర్చున్నాను. ఇప్పుడు మానేశాను, కాబట్టి ఎవరి పక్షమూ కాదు.

క్రూయిజ్ కంపెనీకి విమానాలు లేవండీ. అది అమ్మేదీ మీరు వెతికి చూసిన అదే ఎయిర్‌లైన్ సీటే. కాకపోతే కొన్ని సీట్లు టోకున మాట్లాడుకుంటారు. ఆ టోకు రేటు కొన్నిసార్లు బయట కన్నా బాగా తక్కువ. ముఖ్యంగా ఒక ఊళ్ళో ఎక్కి వేరే ఊళ్ళో దిగే క్రూయిజ్‌లకి. ఎందుకంటే పెద్ద ఎయిర్‌లైన్స్‌లో వన్‌వే విడిగా కొంటే రానూపోనూ టికెట్‌లో సగం కాదు, చాలాసార్లు ముప్పాతిక దాకా లాగుతుంది. మీది ఎక్కేదీ దిగేదీ బార్సిలోనాయే. కాబట్టి మీకు ఆ లాభం లేదు, 92 వేలు కనబడటానికి కారణం అదే అయ్యుండొచ్చు.

టోకు రేటుతో పాటు షరతులూ టోకునే వస్తాయి. సీటు ముందే ఎంచుకోనివ్వరు. మైలేజీ పాయింట్లు పడవు, పడినా సగమే. కొన్నిటికి టికెట్ నంబరు ప్రయాణానికి కొద్ది వారాల ముందు గానీ చేతికి రాదు. మధ్యలో టైమ్ మారితే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తారు, వాళ్ళు "మీరు ఎక్కడ కొన్నారో వాళ్ళనే అడగండి" అని పెట్టేస్తారు. అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవు. ఒక్కో క్రూయిజ్ కంపెనీ విమానం టికెట్లు అమ్మే పథకానికి ఒక్కో పేరు: ప్రిన్సెస్ వాళ్ళది ఈజీఎయిర్, రాయల్ కరీబియన్‌ది ఎయిర్‌టూసీ, హాలండ్ అమెరికాది ఫ్లైట్ ఈజ్. ఈజీఎయిర్‌లో ఫ్లెక్సిబుల్ రకం తీసుకుంటే ప్రయాణానికి 45 రోజుల ముందు దాకా పైసా పోకుండా మార్చుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్ రకం తీసుకుంటే ఎయిర్‌లైన్ పెట్టిన పెనాల్టీలన్నీ మామూలే. అందుకని మీ అబ్బాయిని అడగాల్సిన మొదటి మాట "ఎంత" అని కాదు, "ఏ రకం టికెట్" అని.

రెండోది, "బాధ్యత వాళ్ళదే" అన్న మాట. మీ విమానం లేటైతే ఓడ ఆగుతుందని దానర్థం కాదు. తమ ప్రయాణికులు వందమంది ఒకే విమానంలో వస్తుంటే కాసేపు చూస్తారేమో గానీ, గుంటూరు దంపతుల కోసం రేవులో చోటు పట్టుకుని కూర్చోరు. తర్వాతి రేవుకి మిమ్మల్ని చేర్చే పని వాళ్ళు చేస్తారు, అదీ దానర్థం. పోయిన రోజులు పోయినట్టే.

కెప్టెన్ గారి కథలో ఇంకో కిటుకు ఉంది, ఆయన గమనించలేదు. ఆయనది బ్రిటన్‌లో కొన్న ప్యాకేజీ. అక్కడ 2018 నాటి ప్యాకేజీ ట్రావెల్ నిబంధనలున్నాయి. ఫ్లైటూ క్రూయిజూ కలిపి అమ్మినవాడు మొత్తం ప్రయాణానికి చట్టప్రకారం బాధ్యుడు. అంటే ఆ హోటలు గది కంపెనీ మంచితనం ఒక్కటే కాదు. గుంటూరులోనో డల్లాస్‌లోనో కొన్న టికెట్‌కి ఆ చట్టం వెంట రాదు. మీకు రాసిచ్చిన షరతుల కాయితంలో ఏముందో అదే మీకు దిక్కు.

బ్రాడీపేట_నాలుగోలైను

బాబాయ్ గారూ, చాలా సంతోషం. ఇన్ని సంగతులున్నాయని తెలీదు. ఒక సందేహం. నేను చూసిన 71 వేలది హైదరాబాద్–దోహా–బార్సిలోనా. దోహాలో మధ్యలో 2 గంటల 10 నిమిషాలే ఉంది. మొదటి విమానం లేటైతే రెండోది పోతుంది కదా? పిల్లోడికి జరిగినట్టే అవుతుందేమో?

టికెట్_బాబాయ్

అవ్వదు సార్, రెండూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే. మొదటిది లేటై రెండోది పోతే, తర్వాతి విమానంలో ఎక్కించడం ఎయిర్‌లైన్ పని. మీ సూట్‌కేసు శంషాబాద్‌లో వేస్తే బార్సిలోనాలో తీసుకోవడమే. పిల్లోడు రెండు టికెట్లు వేరువేరుగా కొన్నాడు. రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో అతను రానివాడు, అంతే. చవగ్గా కనబడే సైట్లలో కొన్నిసార్లు రెండు టికెట్లని కలిపి ఒకే ప్రయాణంలా చూపిస్తారు. కింద చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటుంది. అది కనబడితే పేజీ మూసెయ్యండి. మధ్య ఊళ్ళో ఇమిగ్రేషన్ దాటి, సామాన్లు తీసుకుని, మళ్ళీ చెక్-ఇన్ చెయ్యాలి. దానికి ఆ దేశం వీసా కూడా కావాల్సి రావచ్చు.

అయితే "తర్వాతి విమానం" మర్నాడు కూడా కావచ్చు. ఎయిర్‌లైన్ మిమ్మల్ని బార్సిలోనా దాకా చేరుస్తుంది. ఓడ సంగతి దానికి పట్టదు.

మంగళగిరి_కోడలు

ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నా. మేం కంపెనీ దగ్గరే తీసుకున్నాం. ఓడ తప్పిపోయింది. ఎలాగో వినండి.

2024 సెప్టెంబరు 2 సాయంత్రం సింగపూర్‌లో ఓడ. 1వ తేదీ రాత్రి శంషాబాద్ నుంచి ఫ్లైట్. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పాప. క్రూయిజూ ఫ్లైటూ ఒకే ప్యాకేజీ, ఒకే బిల్లు. తేదీ చూసే ఉంటారు, మన దగ్గరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగిన రోజు.

రైలు అనుకుంటే కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్ళన్నీ రద్దు. హైదరాబాద్ హైవే మీద ఐతవరం దగ్గర నీళ్ళు. ఇటు కాజ టోల్‌గేటు దగ్గరా నీళ్ళే. పొద్దున 9కి కారు తీసి, తెనాలి మీదుగా గుంటూరు చేరి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి దారి పట్టాం. ఆ రోజు విజయవాడ బళ్ళన్నీ ఆ దారినే మళ్ళించారు, లారీల వెనక లారీ. మామూలుగా 5 గంటల దారి. శంషాబాద్ లోపలికి అడుగుపెట్టేసరికి కౌంటర్ మూసి 20 నిమిషాలైంది. విమానం ఇంకా నేల మీదే ఉంది. అద్దంలోంచి కనిపిస్తోంది కూడా. పాప "అదేనా మన ఫ్లైట్" అని అడిగింది.

ప్యాకేజీ వాళ్ళకి ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా? "ఫ్లైట్ లేటైతే మా బాధ్యత మేడం. ఫ్లైట్ టైమ్‌కే వెళ్ళింది. మీరు రాలేదు." రికార్డులో మేం "నో షో". క్రూయిజ్ డబ్బులు మొత్తం పోయాయి. టికెట్ల మీద ఎయిర్‌పోర్టు ట్యాక్సులు మాత్రం వెనక్కొచ్చాయి. ఇన్సూరెన్స్‌కి పెడితే, విమానమో రైలో లేటైతే ఇస్తాం, మీ సొంత కారు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే పాలసీలో లేదు అన్నారు. చదివి చూస్తే నిజంగానే లేదు.

కృష్ణలంక_కెప్టెన్

అయ్యో తల్లీ, బాధాకరమే. కానీ రోడ్డు మునిగితే కంపెనీ ఏం చేస్తుంది? అది దేవుడి పని.

మంగళగిరి_కోడలు

అదేగా అన్నయ్యా నేను చెప్పేది. కంపెనీ భరోసా శంషాబాద్ గేటు దగ్గర మొదలవుతుంది. మన ఇంటి నుంచి ఆ గేటు దాకా 270 కిలోమీటర్లు. లండన్‌లో ఉండేవాళ్ళకి ఇల్లు, ఎయిర్‌పోర్టు ఒకే ఊళ్ళో. మనకి ప్రయాణంలో అసలు ప్రమాదం ఉన్న ముక్క ఎవరూ రాసివ్వని ముక్క. ఆ 42 వేలు ఆ ముక్కని కొనవు.

పటమట_పిల్లోడు

అక్కా, ఆ రోజు గన్నవరం నుంచి హైదరాబాద్ ఫ్లైట్ పట్టుకోవాల్సింది కదా?

మంగళగిరి_కోడలు

బాబూ, మంగళగిరి నుంచి గన్నవరం వెళ్ళాలంటే విజయవాడ దాటాలి. ఆ రోజు విజయవాడ ఎలా ఉందో పటమటలో ఉండి నువ్వే అడుగుతున్నావా?

పటమట_పిల్లోడు

సారీ అక్కా. మా మేడ మీదే కూర్చున్నాం రెండు రోజులు.

సియాటిల్‌లో_తెనాలి

"తర్వాతి రేవులో ఎక్కిస్తారు" అన్న మాట అన్ని చోట్లా చెల్లదు. మన వాళ్ళు అమ్మానాన్నల్ని పిలిపించి అలాస్కా క్రూయిజ్ చేయించడం ఇక్కడ బాగా ఎక్కువైంది కాబట్టి చెప్తున్నా.

అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని ఇంకో అమెరికా రేవులో దించకూడదు, మధ్యలో దూరదేశపు రేవు తగిలితే తప్ప. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలవే. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగితే ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో కెనడా రేవు ఒకటి తగిలిస్తారు. కానీ సియాటిల్‌లో ఓడ తప్పిపోయి, అలాస్కాలోని జూనోకి విమానంలో వెళ్ళి ఎక్కుదామంటే, మీ ప్రయాణం జూనో నుంచి సియాటిల్ అవుతుంది. రెండూ అమెరికా రేవులే. కెనడా దూరదేశం కింద లెక్కకి రాదు. ఎక్కనివ్వరు. కంపెనీ టికెట్ ఉన్నా లేకున్నా చట్టం చట్టమే. అదే వాంకూవర్‌లో మొదలై వాంకూవర్‌లో ముగిసే ఓడ అయితే జూనోలో ఎక్కొచ్చు.

బ్రాడీపేట గారిది మధ్యధరా సముద్రం కాబట్టి ఈ గొడవ లేదు. ఇటలీ రేవులో అందుకోవచ్చు. కానీ షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) చేతిలో ఉండాలి, పాస్‌పోర్టు చెక్-ఇన్ సూట్‌కేసులో పడెయ్యకూడదు. నవ్వకండి, మా పిన్ని వాళ్ళు ఆ పని చేశారు.

ఆరండల్‌పేట_ఆడిటర్

డబ్బు లెక్కలో ఒక గీత ఎవరూ గియ్యలేదు. ఇక్కడ ఏజెంట్ దగ్గర ఫ్లైట్, బస కలిపి కొంటే అది "ఓవర్సీస్ టూర్ ప్యాకేజీ" అవుతుంది. దాని మీద టీసీఎస్ (అమ్మేవాడే మన దగ్గర ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చెయ్యాలి. విడిగా విమానం టికెట్ ఒక్కటే కొంటే ప్యాకేజీ కాదని ఆదాయపు పన్ను శాఖ 2023లోనే వివరణ ఇచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు. అది ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు వెనక్కొస్తుంది, మన పేరున జమ అయిన పన్నుల లెక్క చూపే 26ఏఎస్ పత్రంలో కనబడుతుంది. కానీ అంతదాకా మీ డబ్బు ప్రభుత్వం దగ్గర పడుకుంటుంది. గత ఏడాది మా క్లయింటు ఒకాయన ఇంటిల్లిపాదికీ 14 లక్షల ప్యాకేజీ కొని, టీసీఎస్ చూసి నాకు ఫోన్ చేసి అరిచాడు, నేనే వేసినట్టు.

బ్రాడీపేట సార్ విషయంలో అబ్బాయి అమెరికాలో డాలర్లలో కట్టేశాడు కాబట్టి క్రూయిజ్ మీద ఈ గొడవే లేదు.

నిర్వాహకులు

ఏజెంట్ల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దని మనవి. రెండు సందేశాలు తీసేశాం. అనుభవాలు రాయండి, ప్రకటనలు వద్దు.

కృష్ణలంక_కెప్టెన్

అందరూ కలిసి నన్ను ఒంటరివాణ్ణి చేశారు, పర్లేదు. కానీ ఒక్క ప్రశ్న. 2024 జూలై 19న కంప్యూటర్లు మొరాయించి శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు గుర్తుందా? 2025 డిసెంబరు మొదటి వారం సంగతి? పైలట్ల డ్యూటీ రూల్స్ గొడవలో దేశమంతా వందల ఫ్లైట్లు రోజుల తరబడి రద్దయ్యాయి. అలాంటప్పుడు ఒక రోజు ముందు వెళ్దామనుకున్నవాళ్ళు ఏమైపోయారు? రెండు రోజులు ముందు అనుకున్నా చాల్లేదు. అలాంటి వేళ వెనక ఒక కంపెనీ ఉంటే మంచిదే కదా?

టికెట్_బాబాయ్

మంచి మాట అడిగారు. ఒప్పుకోవాల్సిందే. అలాంటి వారంలో సొంతంగా కొన్నవాళ్ళు ఎయిర్‌లైన్ కౌంటర్ ముందు క్యూలో నిలబడతారు. కంపెనీ ద్వారా కొన్నవాళ్ళ కోసం ఇంకొకరు వెతుకుతారు. ఆ సేవకి విలువ ఉంది. కాకపోతే అది నిజంగా ఉందా, ఎన్ని గంటలు ఫోన్ ఎత్తుతారు, ఇండియా నంబరు ఉందా అన్నది ముందే చూసుకోవాలి. డల్లాస్ టైమ్‌లో పని చేసే డెస్క్ మనకి పగటిపూట నిద్రపోతుంది.

సొంతంగా కొన్నవాళ్ళకి చట్టం కొంత ఉంది. బార్సిలోనా నుంచి బయల్దేరే విమానానికి, అది ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా సరే, యూరప్ 261 నిబంధన వర్తిస్తుంది. ఎయిర్‌లైన్ తప్పు వల్ల బాగా లేటైతే మనలాంటి దూరప్రయాణానికి 600 యూరోల దాకా పరిహారం. వెళ్ళేటప్పుడు హైదరాబాద్ నుంచి గల్ఫ్ ఎయిర్‌లైన్ ఎక్కితే మాత్రం అది వర్తించదు. యూరప్ ఎయిర్‌లైన్ అయితే వర్తిస్తుంది. వాతావరణం బాగోలేక ఆగితే ఎటూ పరిహారం ఉండదు. అయినా పరిహారం ఓడని వెనక్కి తేదు, తర్వాత ఎప్పుడో బ్యాంకులో పడుతుంది.

ఇంకో రెండు మాటలు. వీసా చేతికి రాకుండా డబ్బు తిరిగి రాని టికెట్ కొనొద్దు. షెంగెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. కాన్సులేట్‌కి రిజర్వేషన్ చూపిస్తే చాలు. తిరుగు ప్రయాణానికి, ఓడ పొద్దున 7కి రేవులో ఆగినా మీరు బయటికొచ్చేసరికి 9 దాటుతుంది. మధ్యాహ్నం 1 తర్వాతి విమానమే చూసుకోండి. బార్సిలోనా రేవు ఎయిర్‌పోర్టుకి దగ్గరే, 15 కిలోమీటర్లకి అటూఇటూ. పారిస్ క్రూయిజ్ అని లె హావ్ర్‌లో దించే ఓడలున్నాయి, అక్కడి నుంచి పారిస్ 200 కిలోమీటర్లు. బెర్లిన్ పేరు చెప్పి వార్నెముండేలో ఆపేవీ ఉన్నాయి. బ్రోషర్‌లో ఊరి పేరు కాదు, రేవు పేరు చదవాలి.

పటమట_పిల్లోడు

బాబాయ్, గన్నవరం నుంచే ఒకే పీఎన్ఆర్‌లో వెళ్ళే మార్గం లేదా? హైదరాబాద్ దాకా రోడ్డు గోలే ఉండదు.

టికెట్_బాబాయ్

ఉంది. గన్నవరం–ఢిల్లీ, అక్కడి నుంచి యూరప్, ఒకే టికెట్ మీద దొరుకుతుంది. అప్పుడు గన్నవరం నుంచే ఇంటర్నేషనల్ లగేజీ ఇస్తారు, నీ 15 కిలోల బాధ ఉండదు. బార్సిలోనాకి అయితే యూరప్‌లో ఇంకోచోట కూడా మారాల్సి రావచ్చు. మొత్తం మూడు విమానాలు, రెండు మార్పిళ్ళు. అరవై దాటినవాళ్ళకి ఢిల్లీ టెర్మినల్‌లో నడక కూడా లెక్కలోకి తీసుకో. రేటు ఎక్కువున్నా కొందరికి అదే నయం. సెప్టెంబరు కాబట్టి పొగమంచు ఉండదు, వానలే.

బ్రాడీపేట_నాలుగోలైను

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నిన్న అబ్బాయితో గంటన్నర మాట్లాడాను. మీ పోస్టులన్నీ ప్రింటు తీసి ముందు పెట్టుకున్నాను, బ్యాంకు అలవాటు.

ముందు వాడిని టికెట్ రకం అడిగాను. రిస్ట్రిక్టెడ్ అట. "అదేంటి నాన్నా, నీకు ఇవన్నీ ఎలా తెలుసు" అన్నాడు. కాసేపు మీసం మెలేశాను. షరతుల కాయితం పంపమన్నాను. తర్వాతి రేవుకి చేరుస్తామని రాసి ఉంది, నిజమే. దాని కిందే, విమానం ఎక్కడానికి టైమ్‌కి రాకపోతే తమకి సంబంధం లేదని కూడా ఉంది. మంగళగిరి అమ్మాయి చెప్పిందే.

వాళ్ళ నలుగురి టికెట్లూ కంపెనీవే ఉంచమన్నాను. డల్లాస్‌లో వాళ్ళ ఇల్లు ఎయిర్‌పోర్టుకి అరగంట. ఇద్దరు చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళకి వెనక ఒకరుంటేనే మంచిది. ఇక్కడ కెప్టెన్ గారి మాటే నెగ్గింది. మాకు మాత్రం హైదరాబాద్–దోహా–బార్సిలోనా, ఒకే పీఎన్ఆర్, వీసా రాగానే ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా తీసుకుంటాను. ఆదివారం ఓడకి శుక్రవారమే దిగుతాం. రెండు రాత్రుల హోటలు 14 వేల చొప్పున 28 వేలు. 42లో ఇంకా 14 మిగిలాయి. అవీ మిగలవు లెండి, ఎందుకంటే విమానానికి ముందు రోజే వందే భారత్‌లో గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్ళి, మా తోడల్లుడి ఇంట్లో పడుకుని, పుష్పక్ బస్సులో శంషాబాద్ చేరతాం. తోడల్లుడి ఇంటికి చేతులూపుకుంటూ వెళ్ళలేం కదా.

ఇక ఇది నా ప్రశ్న కాదు, మా ఆవిడది. ఓడలో ఏడు రోజులు ఆ చప్పిడి తిండి ఎలా తినాలి, ఆవకాయ, గోంగూర తీసుకెళ్ళొచ్చా అని అడగమంటోంది. ఇప్పటిదాకా మీరు రాసినవన్నీ చదివి వినిపిస్తే, "అసలు సంగతి ఒక్కరూ చెప్పలేదు" అంది.

పటమట_పిల్లోడు

అంకుల్, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీయించేస్తారు. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టండి, రెండు కవర్లు వేసి. మా అమ్మ ఒక కవరే వేసింది. సింగపూర్‌లో నా తెల్ల చొక్కాలన్నీ గుంటూరు కారం రంగు.

సియాటిల్‌లో_తెనాలి

నాటుకోడి పచ్చడి, నెయ్యి సీసా మాత్రం వద్దండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. ఓడ వాళ్ళు ఇంట్లో చేసినవి సాధారణంగా ఒప్పుకోరు, షాపులో సీల్ వేసిన ప్యాకెట్ అయితే ఎక్కువ కంపెనీలు ఏమీ అనవు.

మంగళగిరి_కోడలు

పిన్నిగారికి చెప్పండి, కొన్నా సరే కారప్పొడి ఒక్కటి మర్చిపోవద్దని. మా సూట్‌కేసులో సింగపూర్ కోసం సర్దిన పొడి ప్యాకెట్లు ఆ రాత్రి శంషాబాద్ బయట ఇడ్లీలోకి విప్పాం.